పాన్ గారికి పాణి పంపిన పార్సిల్

వూచ్, పోలండు
అక్టోబరు మొదటి వారం

వరంగల్ చౌరస్తా జంపఖానాల దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చున్న పెద్దనాన్నకు, పడుతూ లేస్తూ పోలండుకు వచ్చి చేరిన మహిత దండం పెట్టి రాస్తున్నది.

అమ్మానాన్నలకు సూరత్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. నీకు చేద్దామంటే మరమగ్గాల సాంచెల చప్పుడుకు నీ చెవులు ఎప్పుడో మందగించాయి. నేను "బాగున్నా" అంటే నువ్వు "బావిలున్నవా?" అంటావు. పెద్దమ్మకు చేస్తే ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం.

ప్రయాణం సంగతి వింటే నవ్వుతావు. హైదరాబాదు విమానాశ్రయంలోనే పెట్టె బరువెక్కువైందన్నారు. మామిడికాయ తొక్కు తీయబుద్ధి కాలేదు. స్వెట్టర్లన్నీ తీసి ఒకదాని మీద ఒకటి వేసుకుని, పైన కోటు కూడా తొడిగాను. చెమటలు కారుతుంటే తనిఖీ చేసే అమ్మాయి నాకు జ్వరమేమోనని నుదుటికి థర్మామీటరు పెట్టింది. ఇంత చేస్తే ఏమైంది? వార్సాలో నేను దిగాను, తొక్కు దిగలేదు. పెట్టె వేరే ఏదో దేశం చూడటానికి వెళ్లిందట.

అక్కడి నుంచి రైలు. మా యూనివర్సిటీ ఉన్న ఊరి పేరు కాగితాల మీద లోడ్జ్ అని ఉంటుంది కదా. కౌంటరు దగ్గరకు వెళ్లి "లోడ్జ్‌కు ఒక టికెట్" అన్నాను. లోపలి అమ్మాయి "వూచ్?" అంది. "కాదు, లోడ్జ్" అన్నాను. "వూచ్" అంది. కోపమొచ్చి కాగితం మీద రాసి చూపించాను. ఆమె శ్రద్ధగా చదివి, తలూపి, మళ్లీ "వూచ్" అంది. ఆ ఊరిని అలాగే పిలుస్తారట పెద్దనాన్నా! ఎల్ అక్షరానికి అడ్డంగా ఒక గీత ఉంటుంది, దాని వల్లనట. సరే, గీత ఉన్న ఎల్ కనబడిన రైలెక్కి ధీమాగా కూర్చున్నాను. గీత ఉన్న ఎల్‌తో ఈ దేశంలో వుకూఫ్ అనే ఇంకో ఊరు కూడా ఉందని నాకెవరు చెప్పారు? కాజీపేటలో హైదరాబాదు బండి ఎక్కబోయి బల్లార్షా బండి ఎక్కినట్టయింది. చివరి స్టేషన్లో దింపేస్తే బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఊడ్చే ఆమె వచ్చి, నా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నా టికెట్ చూసి, చేయి పట్టుకుని తీసుకెళ్లి సరైన రైలు ఎక్కించింది.

వూచ్‌లో దిగేసరికి మా ఇంటి యజమాని అట్టముక్క మీద నా పేరు రాసి పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడట. పేరు పాన్ హెన్రిక్. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. కింద ఆయన, పైన నా గది. వీధిలో అందరూ ఆయన్ని పాన్ పాన్ అంటారు. కూరగాయలమ్మే ఆమె పాన్ అంటుంది, పోస్టుమాన్ పాన్ అంటాడు. ఎందుకో ఇంకా తెలియదు గాని పేరున్న మనిషిలాగే ఉన్నాడు.

చదువు మొదలైంది. విస్వవిద్యాలయం చాలా పెద్దది. మిగతాది తర్వాత.

నీ బిడ్డ,
మహిత

తా.క.: "విమానం ఎక్కితే నాతోని మాట్లాడకు, నేను గూడ మాట్లాడ" అన్న పెద్దమ్మ ఇంకా ఆ మాట మీదే ఉందా? బస్సెక్కించడానికి కూడా రాలేదు. కిటికీ పరదా కదిలింది గాని, అది గాలి అయినా కావచ్చు.


వరంగల్
అక్టోబరు చివర

రైలు తప్పినా ఊరు తప్పని మా మహితకు, పెద్దనాన్న సారంగపాణి ఆశీస్సులు.

నీ ఉత్తరం దుకాణానికి చేరింది. రాసేది ఒకటి, పలికేది ఒకటి అయితే ఆ దేశంలో పిల్లలకు డిక్టేషన్ ఎలా చెబుతారు? పాపం ఆ పంతుళ్లు.

ఇక అసలు సంగతి. నువ్వు రాయకుండా రాసింది నాకు అర్థమైంది. వీధి వీధంతా ఒక మనిషిని పాన్ పాన్ అంటున్నదంటే ఊరికే అనదు. మన చౌరస్తాలోనూ అలాంటి మనుషులున్నారు. ఏ అలవాటు ఉన్నా మనిషి మంచివాడైతే చాలని నేనూ అనుకుంటాను. పొద్దుటి నుంచి స్టేషన్లో నిలబడ్డాడంటే మంచివాడే. కానీ ఆడపిల్ల ఉండే ఇల్లు కాబట్టి అడుగుతున్నాను, ఆయన నోరు ఎర్రగా ఉంటుందా? మెట్ల మూలలు శుభ్రంగా ఉంటాయా? మెట్లెక్కేటప్పుడు గోడకు చేయి ఆనించకు.

ఈసారి బతుకమ్మకు మన వాకిట్లో తంగేడుపూలు తక్కువైనాయి. తెచ్చే మనిషి వూచ్‌లో ఉంటే ఎక్కడి నుంచి వస్తాయి?

మీ పెద్దమ్మ గురించి అడిగావు. ఉన్నది. నీ పేరెత్తితే వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తుంది. మొన్న పాత అట్లాసు తీసి భూతద్దం పెట్టుకుని చూస్తోంది. ఏం వెతుకుతున్నావంటే "బొద్దింక" అన్నది.

దీవెనలతో,
సారంగపాణి

తా.క.: "విస్వ" కాదు, "విశ్వ". అందులో చదువుతున్నావు, కనీసం దాని పేరైనా సరిగ్గా రాయి. తలకు నూనె పెట్టడం మానకు. చలిదేశంలో జుట్టు గడ్డి అవుతుంది.


వూచ్
నవంబరు

అక్షరదోషాలు పట్టే పెద్దనాన్నకు మహిత నమస్కారాలు.

బిల్లు మీద "జంపఖానా" అని ఒకసారి రాసినట్టు ఇంకోసారి రాయని నువ్వు నా "విస్వ"ను పట్టుకున్నావా? చదివి ఆశ్చర్యపోయాను. చేతిరాత కూడా ఎంత గుండ్రంగా ఉందో! దుకాణంలో బేరాల్లేక సాధన చేస్తున్నావా?

పెట్టె దొరికింది. తొక్కు సీసా మూత ఊడి కొత్త తువ్వాలు ఎర్రబడింది. స్వెట్టర్లు నా ఒంటి మీదుండి బతికిపోయాయి. పారేయలేదు, అన్నంలో నంజుకోవడానికి సీసాలో ఇంకా సగం ఉంది.

పాన్ హెన్రిక్ నోరు ఎర్రగా ఉంటుందా అని అడిగావు. నీకెలా తెలిసింది? నిజంగానే ఎర్రగా ఉంటుంది! రోజూ బీట్‌రూట్ చారు తాగుతాడు. నాకూ ఇస్తాడు. మొదట రోగమేమో అనుకున్నాను, ఇప్పుడు నా నాలుకా అదే రంగు. మెట్లు అద్దంలా ఉంటాయి, ఆయనే తుడుస్తాడు. ట్రాములు నడిపి రిటైరైన మనిషి, టైమంటే టైమే. నేను క్లాసుకు ఆలస్యమైతే గంట కొట్టినట్టు కింద నుంచి గిన్నె మీద గరిటెతో కొడతాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన కవరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. పేరు చదివి "పాని సారంగ!" అన్నాడు. ఇక్కడ పేర్లు తిరగేసి పలుకుతారు కాబోలు. చేతిరాత చూపించి, తల ఊపి, ఎంత మెచ్చుకున్నాడో! వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, సైగలతో నీ ఆరోగ్యం అడిగాడు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. రోజంతా దుకాణంలో ఒంటరిగా కూర్చుంటావని కూడా చెప్పాను. చాలా బాధపడ్డాడు. మర్నాడు నాకు ఒక చిన్న పొట్లం ఇచ్చి నీకు పంపమన్నాడు. లోపల ఏముందో చూడలేదు, ముడి అంత బాగా వేశాడు.

ఈ నెల మొదటి రోజున ఊరంతా శ్మశానాలకు వెళ్లి దీపాలు పెడతారు. నన్నూ తీసుకెళ్లాడు. భార్య సమాధి మీద రంగు గాజు దీపం పెట్టి ఆమెతో ఏదో మాట్లాడాడు. నా పేరు కూడా వినబడింది. నన్ను పరిచయం చేశాడట.

క్లాసుల సంగతి అడగకు. సార్లు ఇంగ్లీషులోనే చెబుతారు గాని ఆ ఇంగ్లీషు నేను ఎప్పుడూ విననిది. నవ్వాల్సిన చోట అందరూ నవ్వాక నేను నవ్వుతాను.

నీ బిడ్డ,
మహిత

తా.క.: నువ్వు భోజనానికి ఇంటికెళ్తావా, ఒక్కడివే తింటావా అని పాన్ హెన్రిక్ అడగమన్నాడు. మీ ఇంటి గోడల రంగు కూడా అడిగాడు. ముసలివాళ్లకు ఎంత ఓపికో!


వరంగల్
నవంబరు మూడో వారం

చారు తాగి నాలుక ఎర్రబరుచుకుంటున్న బిడ్డకు, పెద్దనాన్న దీవెనలు.

బీట్‌రూట్! మనింటి వెనకాల ఉండే కైలాసం, అదే పోస్టాఫీసులో పనిచేసే కైలాసం, పెళ్లైన కొత్తలో నోటి ఎరుపు దానిమ్మపండుదని భార్యతో చెప్పేవాడు. ఆమె నమ్మింది. నువ్వు కూడా నమ్ము. దాచుకునే మనిషిని నిలదీసి అడగటం మర్యాద కాదు.

నేను ఆలోచించాను. భార్య పోయి ఒంటరిగా ఉన్న ముసలాయన. అలవాటు మాన్పించడానికి మనమెవరం? కానీ ఆ దేశంలో దొరికే సరుకు ఎలాంటిదో ఏమో. నా బిడ్డను సొంత మనిషిలా చూసుకుంటున్న వాడికి మనం మంచిదైనా పంపాలి. అందుకే ఒక పార్సిల్ కట్టించాను. వక్కలు, కాచు, గుల్కందు, యాలకులు. ఆకులు పంపితే దారిలో కుళ్లిపోతాయి. అక్కడ బచ్చలాకు లాంటిదేదైనా దొరికితే సర్దుకోమను.

ఆయన పంపిన పొట్లం అందింది. పెద్ద పెద్ద గులాబీలున్న ఉన్ని రుమాలు. పోలండులో మగవాళ్లు ఇలాంటివి కట్టుకుంటారా? ఇచ్చిన మనిషి మనసు నొప్పించకూడదని మెడకు చుట్టుకుని దుకాణంలో కూర్చున్నాను. బేరానికి వచ్చిన వాళ్లు ధర అడగటం మరిచిపోయి చూశారు.

గోడల రంగు పసుపు అని చెప్పు.

క్లాసులో అర్థం కానప్పుడు నవ్వకు. చేయెత్తి అడుగు. అడిగిన పిల్లను ఏ పంతులూ కొట్టడు.

దీవెనలతో,
సారంగపాణి

తా.క.: సున్నం కూడా పెట్టాను. తెల్లగా, మెత్తగా, జల్లెడ పట్టించిన పొడి. డబ్బా దొరక్క ప్లాస్టిక్ సంచీలో పోసి మూతి కట్టాను. "లోపల ఏమున్నదో రాయాలె" అని కైలాసం అంటే ఇంగ్లీషులో "PAN, for PAN Henryk" అని రాయించాను. ఇంతకంటే స్పష్టంగా ఎవరు రాస్తారు?


వూచ్
నవంబరు చివర

పెద్దనాన్నకు, పోలిష్ భాషలో రెండు మాటలు నేర్చిన మహిత దండాలు.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక నేనే రాస్తున్నాను, ఎందుకంటే ఈ రోజు పెద్ద సంగతి తెలిసింది. యూనివర్సిటీలో మాకు పోలిష్ క్లాసు మొదలుపెట్టారు. మొదటి పాఠం మర్యాదలు. ఇక్కడ పాన్ అంటే పేరు కాదు, "గారు"! మగవాళ్లనెవర్నైనా పాన్ అనాలి. బస్సు డ్రైవరు పాన్, డాక్టరు పాన్, దొంగను పట్టుకున్నా ముందు పాన్ అనే పిలుస్తారట. పాన్ హెన్రిక్ అంటే హెన్రిక్ గారు, అంతే. నేను ఇన్నాళ్లూ ఆయన్ని "పాన్ హెన్రిక్ గారూ" అన్నాను. గారు హెన్రిక్ గారూ! ఆయన పాపం ఒక్కసారీ నవ్వలేదు.

ఆడవాళ్లయితే పాని. కూరగాయలమ్మే ఆమె పాని, మా పోలిష్ టీచరు పాని. అమ్మగారు అన్నట్టు.

హెన్రిక్ గారు ఈ మధ్య ఉషారుగా ఉన్నారు. క్షవరం చేయించుకున్నారు. రేడియో పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. వంటింట్లో గోధుమపిండి పిసుకుతూ "హౌ ఆర్ యూ, మై డియర్ ఫ్రెండ్" అని గోడతో అంటున్నారు. మీ గోడల రంగు ఏమిటని మళ్లీ అడిగారు.

నీ బిడ్డ,
మహిత

తా.క.: ఉత్తరం మడుస్తుంటే ఇప్పుడే తట్టింది. మన దుకాణం బోర్డు మీద పేంటరు జాగా చాలక నీ పేరును రెండు ముక్కలు చేశాడు కదా. నువ్వు కవరు మీద కూడా అలాగే రాశావు. Saranga Pani. పెద్దనాన్నా, ఈ ఇంట్లో నువ్వు సారంగ అమ్మగారివి. ఆ క్షవరం నీ కోసమే.


వరంగల్
డిసెంబరు

మహితకు, మీసాలున్న పెద్దనాన్న రాస్తున్నది.

పాన్ అంటే గారు అని నువ్వు మొదటి ఉత్తరంలో రాయకూడదా? నేను ఆయన్ని ఏమనుకున్నానో ఇప్పుడు నోటితో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చౌరస్తా చివర పాన్‌డబ్బా దగ్గర నిలబడి నమిలేవాళ్ల మాదిరి అనుకున్నాను. నోరు, మెట్లు, గోడలు అని ఊరికే అడిగానా?

నీ ఉత్తరం చదివిన మరుక్షణం పోస్టాఫీసుకు పరుగు. పార్సిల్ వాపసు తెప్పించమని కైలాసాన్ని బతిమాలితే, "విమానమెక్కినంక మనమేం జేస్తం? జర ఫికర్ చెయ్యకుండ్రి, పాన్ సామానే గద, బాంబు గాదు గద" అన్నాడు. బాంబయితే కనీసం ఏమిటో అందరికీ తెలుస్తుంది. వాళ్లకు సున్నం తెలుసా?

ఇక రెండోది. ఇందులో ఫోటో పెడుతున్నాను. మీసాలు కనబడేలా పక్క నుంచి తీయించాను. సమయం చూసి, మెల్లగా, ఆయన భోజనం చేశాక చూపించు. ముందు చూపిస్తే తినడు. ఒంటరి మనిషి, ఇన్నాళ్లకు ఎవరో ఒకరు తనకోసం రాస్తున్నారనుకున్నాడు. అందులో నవ్వేదేమీ లేదు. నేను నవ్వాను, అది వేరే సంగతి.

దీవెనలతో,
సారంగపాణి

తా.క.: మీ పెద్దమ్మకు ఈ విషయం చెబితే పమిట నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది. కోపమో నవ్వో తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి.


వూచ్
డిసెంబరు చివర

పెద్దనాన్నకు మహిత.

ఫోటో ఆలస్యంగా వచ్చింది. నేను చెప్పకముందే అన్నీ అయిపోయాయి.

కస్టమ్స్ ఆఫీసు నుంచి రమ్మని కాగితం వచ్చింది. వీసా తీసేస్తారనుకున్నాను. హెన్రిక్ గారు పెళ్లికి వెళ్లినట్టు కోటు, టై వేసుకుని, "నేనూ వస్తా" అని వెంట వచ్చారు. అక్కడ ఒక ఆఫీసరమ్మ. బల్ల మీద మన పార్సిల్ విప్పి పరిచి ఉంది. ఆమెకు ఇంగ్లీషు బాగానే వచ్చు. అదే కొంప ముంచింది.

"ఈ తెల్లపొడి ఏమిటి?"

"సున్నం."

"దేనికి?"

"తినడానికి."

ఆమె పక్కనున్న అతని వైపు చూసింది. "సున్నం గోడకు కదా వేసేది?"

"గోడకూ వేస్తాం, నోట్లోనూ వేస్తాం."

గాజు గొట్టంలో చిటికెడు వేసి ఏవో చుక్కలు కలిపి చూశారు. రంగేమీ మారలేదు. నాకే మారింది. తర్వాత ఆమె కాగితం తీసింది.

"లోపల పాన్ ఉందని రాశారు. ఎవరా పాన్?"

"మనిషి కాదండీ. పాన్ అంటే మేం తినేది."

"పాన్‌ను తింటారా?"

"ఈ పాన్ కోసం పంపిన పాన్" అని హెన్రిక్ గారిని చూపించాను. ఆయన లేచి నిలబడి ఆమెకు వంగి నమస్కారం చేశారు.

"పంపినది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే రేడియోలో నేర్చిన ఇంగ్లీషులో అందుకున్నారు. "పాని సారంగ! చాలా గౌరవనీయురాలు. భారతదేశంలో ఆమెకు సొంత దుకాణం ఉంది. గోడలు పసుపు రంగు. ఈ చేతిరాత చూడండి, ఇలాంటి చేయి తప్పు చేస్తుందా?" ఆయన కోటు లోపలి జేబులోంచి నీ కవరు తీశారు పెద్దనాన్నా. అక్కడ దాచుకున్నారు.

ఇక చెప్పక తప్పలేదు. ప్రభుత్వ ఆఫీసులో అబద్ధం ఎలా రాయించను? "పాని కాదండీ. పాణి. అది మా పెద్దనాన్న పేరు. ఆయన మగాయన. మీసాలుంటాయి" అన్నాను.

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "అంటే ఈ పాని ఒక పాన్."

"అవును."

"పాన్ అయిన పాని, ఈ పాన్ కోసం, పాన్ పంపింది."

"పంపాడు" అన్నాను.

పక్కనున్న అతను ముఖం ఫైలు వెనక దాచుకున్నాడు. ఆఫీసరమ్మ మాత్రం నవ్వకుండా అంతా రాసుకుని, తినే సరుకు ఇలా పంపకూడదని హెచ్చరించి, అన్నీ అక్కడే ఉంచుకుని మమ్మల్ని పంపించింది. మా మీద కేసేమీ లేదు. గడప దాటాక లోపల నుంచి ఆమె నవ్వు వినిపించింది.

తిరిగి ట్రామెక్కాం. ఎప్పుడూ డ్రైవరు వెనకే నిలబడి బ్రేకు ఎలా వేస్తున్నాడో చూసి విసుక్కునే హెన్రిక్ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇంటికి రాగానే టై విప్పి తలుపేసుకున్నారు. ఇంగ్లీషు రేడియో లేదు. చారు లేదు. పొద్దున గిన్నె మోగలేదు, నేను క్లాసుకు వెళ్లలేదు.

పెద్దనాన్నా, నిజం చెప్పనా? ఇంతకాలం నీకు నవ్వు వచ్చేవన్నీ ఏరి రాశాను. ఈ ఊళ్లో నాతో మాట్లాడే మనిషి ఆయన ఒక్కడే. ఆ ఒక్కరి మనసూ విరిచాను. క్లాసులో సగం అర్థం కాదు. మధ్యాహ్నానికే చీకటి పడుతుంది. "గాడికి పోయి ఏడుస్తవ్ మహితా" అని పెద్దమ్మ అననే అన్నది. ఆమె అన్నట్టే అయింది. పరీక్షలు రాయకుండానే వచ్చేద్దామనిపిస్తోంది. టికెట్ల కోసం చూస్తున్నాను. పెద్దమ్మకు మాత్రం చెప్పకు. గెలిచానని సంతోషిస్తుంది.

మహిత

తా.క.: ఈసారి తా.క.లో ఏమీ లేదు.


వరంగల్
జనవరి

మహితకు,

ఇది రాస్తున్నది నీ పెద్దమ్మ సుభాషిణి. ఉలిక్కిపడకు, చేతిరాత కొత్తదేమీ కాదు. మొదటి నుంచి నీకు వచ్చిన ప్రతి ఉత్తరమూ నేను రాసిందే.

నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. కానీ నా పేరుతో రాస్తే నువ్వు నన్ను గెలిచినట్టవుతుంది. ఇన్నేళ్లు బడిలో పిల్లల చేత తప్పు ఒప్పించినదాన్ని, నేనెలా ఒప్పుకుంటాను? మీ పెద్దనాన్న నీ ఉత్తరాలు అందుకుని, "నువ్వే సదివి చెప్పు" అని నా చేతికిచ్చేవాడు. "పిల్ల బాగున్నదట" అని ఒక ముక్క చెప్పి, మిగతాదంతా నేను ఉంచుకున్నాను. జవాబు ఆయన పేరున రాశాను. "విస్వ" చూసి ఊరుకోలేకపోయాను, అక్కడే దొరికిపోతాననుకున్నాను. నువ్వు ఆయనకు సాధన అంటగట్టావు. బడిలో నా ముందు బెంచీలో కూర్చుని చదివిన పిల్లవు, నా గుండ్రని అక్షరం గుర్తుపట్టలేదు. దానికి ఒక మార్కు తగ్గించాను.

గుర్తుపట్టినవాడు ఒక్కడే, మీ హెన్రిక్. భాష తెలియదు, మనిషి తెలియదు, కవరు చూసి ఇది ఆడమనిషి చేయి అనుకున్నాడు. ఆయనకు చెప్పు, ఆయన తప్పు పోలేదు. పాణి అంటే మన భాషలో చేయి. పేరు మాత్రమే మా ఆయనది, చేయి నాది. మర్యాదగా ఇంగ్లీషులో నేనే ఒక ఉత్తరం రాసి ఇందులో పెడుతున్నాను. నాకు భర్త ఉన్నాడని, ఆయనకు మీసాలున్నాయని, గోడలు నిజంగానే పసుపు అని, మా పిల్లకు తాగడానికి చారు పోసినందుకు జన్మంతా గుర్తుంచుకుంటానని రాశాను. జవాబు రాయాలనిపిస్తే రాయమను. తప్పులు దిద్ది పంపుతాను.

నువ్వు ఆయన మనసు విరవలేదు. ఆఫీసులో నిజం చెప్పావు. తలుపేసుకున్న మనిషికి రెండు రోజులు చారు నువ్వు కాచి గడప దగ్గర పెట్టు. మాడినా సరే. మాడితే తప్పకుండా బయటికొచ్చి ఎలా కాయాలో చెబుతాడు. రిటైరైన వాళ్లందరం అంతే.

ఇక టికెట్ల సంగతి. మీ అమ్మానాన్నలు నిన్ను మా దగ్గర ఉంచి సూరత్ పోయాక, బడిలో వేసిన మొదటి రోజు నువ్వు నాకంటే ముందే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నావు. రెండో రోజూ అంతే. మూడో రోజు నీ చేయి పట్టుకుని తిరిగి తీసుకెళ్లాను. ఆ ఏడాది చివర సెలవులిస్తే బడి గేటు పట్టుకుని ఇంటికి రానని ఏడ్చావు. ఇప్పుడు చేయి పట్టుకోవడానికి నేను అంత దూరం రాలేను. అర్థం కాని పాఠం కాగితం మీద రాసి నాకు పంపు. నాకూ అర్థం కాదు. కానీ నాకు అర్థమయ్యేలా రాయడానికి కూర్చుంటే నీకే అర్థమవుతుంది. పిల్లల చేత ఇలాగే చదివించాను, ఎవరూ కనిపెట్టలేదు.

నేను గెలవలేదు మహితా. గెలిస్తే ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాస్తాను? ఆ రోజు కిటికీ దగ్గర గాలి లేదు.

పరీక్షలు రాయి. బాగా రాయి.

నీ పెద్దమ్మ,
సుభాషిణి

తా.క.: ఇది మీ పెద్దనాన్న రాస్తానని లాక్కుంటున్నాడు. అక్షరదోషాలకు నా బాధ్యత లేదు.

బిడ్డా, నేను సారంగపాణి పెద్దనాన్నను. నా చేతితోని రాస్తాన్నది గిదే మొదటిది. నా పేరు మీద మీ పెద్దమ్మ గిన్ని రాసిందని ఇయ్యాల్నే ఎర్కైంది. నేను గా పాన్ సాబ్‌ను ఒక్క మాట అనలె. పూల రుమాలు నా మెడల ఎన్నడు లేదు, ఆమెనే కట్టుకొని తిరుగుతాంది. ఫోటో తీస్తాంటే కరెంటు ఆఫీసు పనికి గావచ్చనుకున్న. రిటైరైనంక దుకాణం మొకం సూడని మనిషి రోజు వచ్చి నా పక్కపొంటి కూసుంటాంటే, గిన్నేండ్లకు నా మీద పాయిరం పుట్టిందని మస్తు సంబురపడ్డ. పోస్టుమాన్ కోసమట. గా హెన్రిక్‌కు చెప్పు, నాకు గూడ అట్లనే అయిందని. నువ్వు ఆడ్నే ఉండి మంచిగ సదువుకో, రాసుడు మాత్రం బంద్ చెయ్యకు. బంద్ చేస్తే ఈమె దుకాణంకు రాదు.